శుక్రవారం గడప దాటని అంచులు

వెళ్లొచ్చి పది రోజులు దాటింది. ఎవరు కనబడినా "తిరుత్తణిలో ఏమైందంటే" అని మొదలుపెడుతున్నానని, నేను నోరు తెరవగానే మా ఇంట్లోవాళ్లు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోతున్నారు. ఇలా రాసేస్తే వాళ్లకూ సుఖం, నాకూ సుఖం.

తిరుత్తణి అనగానే కొండెక్కి స్వామికి దణ్ణం పెట్టుకుని వచ్చాననుకుంటారు. పెట్టుకున్నాను గానీ కొండ కింద నుంచే. నేను వెళ్లింది కంప్యూటర్లను కలపడానికి.

మాది చీరాల. చీర కంటే చీర అంచు మీద ఎక్కువ మోజున్న మనిషిని. నాలాంటి పిచ్చివాళ్లం కొందరం కలిసి "అంచుల పట్టీ" అని ఒకటి పెట్టుకున్నాం. పాత నేతగాళ్లకు గుర్తున్న అంచుల్ని కంప్యూటర్లో గడిగడిగా ఎక్కిస్తాం. ఏ గడిలో ఏ రంగు దారం, ఆ అంచు పేరేమిటి, చెప్పినవారెవరు, ఎక్కించినవారెవరు, అన్నీ అందులో ఉంటాయి. అసలు పట్టీ మా ఇంట్లో ఉంది. దాని నకళ్లు తమిళనాడులో తిరువళ్లూరులో ఒకటి, తిరుత్తణిలో ఒకటి, ఆర్.కె.పేటలో ఒకటి. అక్కడ తరతరాలుగా తెలుగే మాట్లాడుకునే నేత కుటుంబాలున్నాయి. ఎవరి నకలులో వాళ్లు ఎక్కించుకుంటారు. వారానికోసారి మా డెస్క్‌టాప్ మీదున్న చిన్న ప్రోగ్రాం మేలుకుని, అక్కడ కొత్తగా చేరినవి ఇక్కడికీ, ఇక్కడివి అక్కడికీ చేరవేసి అన్ని నకళ్లనూ ఒకేలా చేస్తుంది. దాన్నే సింక్ అంటాం.

ఆ ప్రోగ్రాం పాతది. లోకమంతా క్లౌడ్ అంటున్న రోజుల్లో దీన్ని వాడుతున్నానంటే మా అన్నయ్య కొడుకు నన్ను జాలిగా చూస్తాడు. కానీ దాని కిటికీలో రెండు బుల్లి కంప్యూటర్ల బొమ్మలుంటాయి. పని జరుగుతున్నంతసేపూ వాటి మధ్య ఒక పచ్చ బాణం అటూ ఇటూ పరుగెడుతుంది. ఆ బాణాన్ని చూస్తూ నేను రెండు పూటలు అన్నం లేకుండా ఉండగలను.

దానికి మొండి నియమం ఒకటుంది. అరవై రోజులపాటు ఇంకే నకలుతోనూ కలవని నకలుకు తాళం పడుతుంది. తర్వాత అది తెరుచుకోదు, దాని మీద కొత్త నకలు పరచుకోవాల్సిందే. ఈలోగా అందులో ఎక్కించి బయటికి పంపనిది ఏదున్నా పోయినట్టే. తేదీ వెనక్కి తిప్పి దాన్ని మోసం చేద్దామని ఒకసారి చూశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఒక మంగళవారం సాయంత్రం తీరిగ్గా పాత చిట్టా చూస్తుంటే ఒక సంగతి బయటపడింది. ఆర్.కె.పేట నకలు ఎనిమిది శుక్రవారాలుగా కలవలేదు. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఒకటే మాట, "అవతలి వైపు దొరకలేదు" అని. ఆ నకలు అక్కడ పెట్టింది ఒక సోమవారం సాయంత్రం అయిదింటికి, అదే మొదటి కలయిక, చివరిదీ. లెక్కేశాను. ఎల్లుండి కాక ఆవలి రోజు, శుక్రవారం సాయంత్రం అయిదు గంటలకు అరవై రోజులు నిండుతాయి. వెంటనే ఆర్.కె.పేట దేవకమ్మకు ఫోన్ చేశాను. ఆమె అప్పటికే కంప్యూటర్ ఆపేసి, ఇంటికి తాళం వేసి, మామగారిని తీసుకుని పెళ్లికని పొదటూరుపేట వెళ్లిపోయింది. శుక్రవారం పొద్దున్న వస్తానంది. ఈ రెండు నెలల్లో మామగారు చెప్పగా ముప్పై ఏడు అంచులు ఎక్కించానని సంతోషంగా చెప్పింది. ఆ ముప్పై ఏడూ ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి.

అక్కడ వైరులో ఏదో తేడా ఉందనుకున్నాను. మూడు ఊళ్లవాళ్లనూ ఫోన్లోనే తప్ప ఎప్పుడూ చూడలేదు కూడా. సంచిలో నాలుగు చీరలు, ల్యాప్‌టాప్, దానిలో దారి ఖర్చులాగా ఇంకో నకలు వేసుకుని ఆ రాత్రే బండెక్కాను.

తిరువళ్లూరు: నకళ్ల దుకాణంలో నకలు

చెన్నైలో దిగి తిరువళ్లూరు లోకల్ బండెక్కాను. టికెట్టు పది రూపాయలు. మా వైపు పది రూపాయలకు ఆటో అతను తలకూడా తిప్పడు. ఆడవాళ్ల పెట్టెలో ఒకామె ఒళ్లో గోనెపట్టా పరుచుకుని మల్లెలు కడుతోంది. నాకు వచ్చిన నాలుగు తమిళ ముక్కలూ కూడగట్టుకుని రెండు మూరలు అడిగాను. ఆమె నా ముఖం చూసి, "తెలుగులోనే అడగమ్మా, నీకూ నాకూ కష్టం లేకుండా పోతాది" అంది. నలభై రూపాయలు తీసుకుని రెండు మూరలు కొలిచింది. నా చెయ్యి ఆమె చేతికంటే పొడుగని, మోసపోయానని అనుకోకూడదని, పైన ఇంకో జానెడు ఇచ్చింది. పెట్టెలో సగంమంది తెలుగులో తిట్టుకుంటున్నారు, సగంమంది తమిళంలో నవ్వుతున్నారు. ఏ స్టేషన్‌లో ఏ భాష ఎక్కిందో ఏది దిగిందో చెప్పలేకపోయాను.

తిరువళ్లూరు నకలు ధనశేఖర్ జెరాక్స్ దుకాణంలో ఉంటుంది. నలభై ఏళ్ల మనిషి, వాళ్ల తాత మగ్గం నేశాడు, ఇతను రేషన్ కార్డులకూ ఆధార్ కార్డులకూ నకళ్లు తీస్తాడు. స్టేషన్ దగ్గర నన్ను చూడగానే సంచి లాక్కుని దుకాణానికి నడిపించి, నేనెవరో అక్కడ ఉన్న ముగ్గురికీ చెప్పాడు. ముగ్గురూ తమ కాగితాలు పక్కన పెట్టి నా ప్రయాణం సంగతులడిగారు. వాళ్లలో ఒకాయన, మనం పులికాట్ అంటామే, ఆ పళవేర్కాడు నుంచి పొన్నేరి మీదుగా రెండు బస్సులు మారి వచ్చాడట. అయినా తన పనికి తొందర లేదన్నాడు.

ధనశేఖర్ తెలుగు గడగడా మాట్లాడతాడు, చదవడం రాదు. పట్టీలో తన మాటలన్నీ తమిళ అక్షరాల్లో రాసుకున్నాడు. నాకు అవి చదవడం రాదు. అందుకని అతను తన నకలు నాకు చదివి వినిపించాడు, నేను నా నకలు అతనికి చదివి వినిపించాను. ఒకే పట్టీ, ఇద్దరం సగం సగం గుడ్డివాళ్లం. సింక్ నొక్కగానే పచ్చ బాణం పరుగెత్తింది. నిమిషంలో అయిపోయింది. పళవేర్కాడు ఆయన "అంతేనా" అన్నాడు నిరాశగా.

మధ్యాహ్నం ధనశేఖర్ ఇడ్లీ, వడకర్రీ తెప్పించాడు. మసాలా వడల్ని ముక్కలు చేసి కూరలో ఉడికిస్తారు. మా చీరాలలో వడను ఇలా చేస్తే ఇంట్లో గొడవలవుతాయి. ఇక్కడ నేను మూడుసార్లు వేయించుకున్నాను. తిండి మైకంలోనే కాబోలు, ల్యాప్‌టాప్ చార్జరు ఆ దుకాణంలోనే మరిచిపోయి తిరుత్తణి బండెక్కాను. అరక్కోణం దాటాక గానీ గుర్తుకు రాలేదు. ఫోన్ చేస్తే ధనశేఖర్ ఏమాత్రం కంగారుపడలేదు. "ఏం పరవాలేదక్కా, బస్సులో ఇచ్చి పంపిస్తా. ఆర్.కె.పేటకు వచ్చేస్తాది" అన్నాడు. ఎవరి చేతికిస్తాడో, వాళ్లు ఎవరికిస్తారో చెప్పలేదు. బస్సు అంటే అక్కడ చుట్టం లాంటిదని తర్వాత తెలిసింది.

తిరుత్తణి: గవ్వల అంచు పంచాయితీ

గురువారం పొద్దున్నే తిరుత్తణి వీధులు పంచామృతం వాసన వేస్తున్నాయి. నున్నగా గుండు కొట్టించుకుని గంధం పూసుకున్న తలలు గుంపులు గుంపులుగా కొండ దిగుతున్నాయి. మా వైపు గుండు కొట్టించుకున్నవాళ్లు టోపీ పెట్టుకుంటారు. ఇక్కడ ఎవరూ దాచుకోరు, గంధంతో చల్లగా ఊరంతా తిరుగుతారు. నాకూ కొంచెం ఆశ పుట్టిందని ఒప్పుకుంటాను.

ఇక్కడి నకలు మునిరత్నం మామ ఇంట్లో. ఉద్యోగం నుంచి దిగిపోయిన పెద్దమనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకుంటే తప్ప కంప్యూటర్ ముందు కూర్చోడు. నేను వెళ్లేసరికి కీబోర్డుకు గుడ్డ, మౌస్‌కు గుడ్డ, తెరకు పూల అంచు కుట్టిన గుడ్డ. మూడూ తీసి మడతపెట్టాక గానీ సింక్ మొదలుకాలేదు.

మొదలైన సగానికే ఆగింది. తెర మీద ఎర్ర గుర్తు. గవ్వల అంచు అనే ఒకే అంచును రెండు చోట్ల రెండు రకాలుగా మార్చారని ప్రోగ్రాం అంటోంది. తిరువళ్లూరు నకలులో గవ్వలు ఆవపూవు రంగు. తిరుత్తణి నకలులో చిలకపచ్చ. ఇలాంటప్పుడు ప్రోగ్రాం తీర్పు చెప్పదు, ఎవరిని గెలిపించమంటారని మనల్నే అడిగి కూర్చుంటుంది. ధనశేఖర్ మామకు బావమరిది వరస. ఫోన్ కలిపాను. అరగంట ఇద్దరూ వాదించుకున్నారు. మామ వాళ్లమ్మ పెళ్లినాటి చీర చిలకపచ్చేనన్నాడు. ధనశేఖర్ వాళ్ల నాయనమ్మ చీర తను చూశానన్నాడు. మామ, "నువ్వు పుట్టేలోపల ఆ చీర చినిగి తొట్టి కట్టినారు గదరా" అన్నాడు. అదే ఉయ్యాల తొట్టిలో తను పడుకున్నానని, పైన కనబడింది ఆవపూవు రంగేనని ధనశేఖర్ అన్నాడు. మామ భార్య వంటింట్లోంచి వచ్చి, ఫోన్ కట్ చేసి, అందరికీ పొంగలి పెట్టింది.

నేను ఎవరినీ గెలిపించకుండా ఆ ఒక్కటీ పక్కన పెట్టి మిగతావి కలిపేశాను. మామ కొంచెం నొచ్చుకున్నాడు. సాయంత్రం కొండ కింద దాకా తీసుకెళ్లి, ఎక్కకుండా పోవడం బాగుండదని మూడుసార్లు చెప్పాడు. మోకాళ్ల సంగతి చెప్పి అక్కడి నుంచే దణ్ణం పెట్టుకున్నాను. ముప్పై ఏడు అంచులూ క్షేమంగా బయటపడేలా చూడమన్నాను. అంత దూరం నుంచి వినబడుతుందా అన్న అనుమానంతో కొంచెం గట్టిగానే అన్నాను.

ఆర్.కె.పేట: గోడ మేకుకు నీలం వైరు

శుక్రవారం టౌన్ బస్సు. డ్రైవరు పక్కన చింతపండు మూటలు, కాళ్ల దగ్గర నూలు కండెల సంచులు. దారిలో తాటిముంజలు అమ్ముతుంటే బస్సు ఆపి డ్రైవరే కొనుక్కొచ్చాడు, కండక్టరుకు నాలుగు, నాకు రెండు. కావాలని ఎవరూ అడగలేదు. నా దగ్గర చార్జీ తీసుకున్నారు గానీ ముంజల డబ్బు తీసుకోలేదు. ఆర్.కె.పేటలో దిగితే వీధి వీధంతా మగ్గాల టకటక. దేవకమ్మ ఇల్లెక్కడని అడిగితే నలుగురు నాలుగు దారులు చెప్పారు. నాలుగూ అక్కడికే తీసుకెళ్లాయి.

దేవకమ్మకు యాభై దాటుంటాయి. పెళ్లి నుంచి వచ్చి గంటే అయిందట, అప్పటికే వాకిలి కడిగి ముగ్గు పెట్టేసింది. మామగారు చెంగల్రాయప్ప నులకమంచం మీద కూర్చుని పెళ్లి లడ్డును చిన్న చిన్న ముక్కలు చేసి తింటున్నాడు. ఎనభై నాలుగేళ్లు. నన్ను చూసి, చీరాల ఎంత దూరమని అడిగి, నేను చెప్పేలోపే, "దూరమే" అని తనే తేల్చేశాడు.

కంప్యూటర్ ముందు గదిలో ఉంది. చూడగానే జబ్బు దొరికింది. నెట్ వైరు వెనకనుంచి ఊడదీసి ఉంది. ఊడింది కాదు, ఎవరో తీసి శుభ్రంగా చుట్ట చుట్టి, గోడ మేకుకు తగిలించారు. నీలం వైరు చుట్ట దండలా వేలాడుతోంది. ఎలుకలనీ, పిల్లలనీ ఏవేవో అనుకుంటూ అటు నడిచాను.

"దాన్ని తియ్యబాక అక్కా, ఈరోజు శుక్రవారం" అంది దేవకమ్మ.

నాకు అర్థం కాలేదు. ఆమె వివరంగా చెప్పింది. శుక్రవారం ముగ్గు పెట్టినప్పటి నుంచి శనివారం తెల్లారేదాకా ఆ ఇంటి గడప దాటి ఏదీ బయటికి పోదు. ఉప్పు ఇవ్వరు, పసుపు ఇవ్వరు, సూది కూడా అప్పివ్వరు. లక్ష్మి పోతుందని. శుక్రవారం సాయంత్రం ఆరుకు కంప్యూటర్ తనంతట తానే ఇక్కడి అంచుల్ని నాకు పంపుతుందని నేనే ఫోన్లో చెప్పాను గదా. కాబట్టి ప్రతి శుక్రవారం పొద్దున్నే ముగ్గుతోపాటు వైరు తీసేయడం, శనివారం మళ్లీ పెట్టడం. ఎనిమిది వారాలు తూచా తప్పకుండా చేసింది. శనివారం నుంచి గురువారం దాకా వైరు ఉండనే ఉంది, కానీ ఆ రోజుల్లో నా ప్రోగ్రాం నిద్రపోతుంది.

ఆ వేళను పెట్టింది నేనే. దీపాలు పెట్టే వేళ, శుక్రవారం, అందరూ ఇంట్లో ఉంటారు, మంచి రోజు కూడా. అంత తెలివిగా ఆలోచించాను. మా అమ్మ శుక్రవారం పక్కింటావిడకు గరిటెడు ఉప్పు ఇవ్వక నలభై ఏళ్లు స్నేహం నిలబెట్టుకున్న మనిషి. ఆమె కడుపున పుట్టి, పట్టీలోంచి అంచు వెళ్లడం కూడా ఇవ్వడమేనని నాకు తట్టలేదు.

సాయంత్రం అయిదింటికి తాళం పడుతుందని అప్పుడు చెప్పాను. ముందే కంగారు పెట్టడమెందుకని ఫోన్లో చెప్పకపోవడం నా రెండో తెలివి. దేవకమ్మ నిలబడినచోటే కూర్చుంది.

మధ్యాహ్నం సంగటి, వేరుశెనగ చట్నీ, వంకాయ పులుసు పెట్టింది. అన్నీ రుచే, ఎవరికీ తినాలని లేదు. ముప్పై ఏడు అంచులు ఆమె రెండు వేళ్లతో ఎక్కించింది. మామగారు మోకాలి మీద వేళ్లతో దారాలు లెక్కపెడుతూ చెబుతుంటే ఒక్కో అంచుకు ఒక్కో పూట పట్టిందట. పోతే మళ్లీ చెప్పించుకోవచ్చు గదా అని నెమ్మదిగా అన్నాను. దేవకమ్మ తల అడ్డంగా ఊపింది. మామగారు ఒకసారి చెప్పేస్తే ఇక అది ఆయన దగ్గర ఉండదట.

చెంగల్రాయప్ప విన్నాడు. "అరవై ఏండ్లు తలకాయలో మోసుకోని తిరిగినాను పాపా. చెప్పేసినాను, దించేసినాను. ఇంగ నాకేం తెలుసు" అన్నాడు, బరువు దించుకున్న మనిషి ఎంత హాయిగా అంటాడో అంత హాయిగా.

నేను నా వాదన మొదలుపెట్టాను. ఇది ఇవ్వడం కాదు, నకలు తీయడం. ఇక్కడిది ఇక్కడే ఉంటుంది, ఒక్క గడి కూడా తగ్గదు. లక్ష్మి ఎక్కడికీ పోదు. బోర్డు మీద రాసి చెప్పే పంతులులాగా చెప్పాను.

దేవకమ్మ శ్రద్ధగా విని అంది. "తోడు పెట్టేదానికి చెంచాడు పెరుగు అడగతారు. ఆ చెంచాతో వాళ్లింట్లో కుండెడు పెరుగు తోడుకుంటాది. మనింట్లో కుండ అట్లే ఉంటాది, ఏం తగ్గదు. అయినా శుక్రవారం ఇస్తామా అక్కా?"

ఇన్నేళ్లుగా నేను నకళ్ల గురించి ఎంతోమందికి చెప్పాను. అంత చక్కగా ఎవరూ నాకు తిరిగి చెప్పలేదు. సంగటి ఇంకో ముద్ద తిన్నాను.

నాలుగు దాటాక నాకు ఇంకో దారి తోచింది. నా ల్యాప్‌టాప్‌లో ఒక నకలు ఉంది గదా. నెట్ ఎందుకు, అదే నీలం వైరుతో రెండు పెట్టెల్నీ ఈ గదిలోనే కలిపేస్తే చాలు, ఏ నకలుతో కలిసినా తాళం పడదు. దేవకమ్మ ఒక్క క్షణం వెలిగి, మళ్లీ ఆరిపోయింది. నా బండి ఆ సాయంత్రమే. కలిపాక ఆ పెట్టె చంకన పెట్టుకుని నేను గడప దాటతాను. అప్పుడు అదీ ఇచ్చినట్టే.

లేచి వాకిలి దాకా వెళ్లి నిలబడింది. గడపను ఈ కొస నుంచి ఆ కొసదాకా చూసింది. తర్వాత వెనక్కి తిరిగింది.

"గడప లోపల ఏం ఇచ్చుకున్నా అది ఇచ్చినట్లు కాదు. నీ పెట్టె ఈరోజు ఈడే ఉండాల. నువ్వూ ఉండాల. శుక్రవారం మేము ఆడపడుచును కూడా పంపము."

వేసవి సెలవుల్లో దొరికిన సీటు అది. మంగళవారం రాత్రి నుంచి వెయిటింగ్ లిస్టు చూసి చూసి ఖాయమైంది. ఫోన్ తీసి రద్దు చేస్తుంటే నవ్వొచ్చింది. ఎవరో నన్ను ఆడపడుచు అని ఇంత గట్టిగా ఆపి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టుకోవలసి వచ్చింది.

నాలుగున్నరకు కరెంటు

అసలు కథ ఇక్కడ ముగియాలి. కానీ చార్జరు ఇంకా ఏ బస్సులో ఉందో తెలియదు. ల్యాప్‌టాప్‌లో పంతొమ్మిది శాతం ఉంది. మేకు మీది వైరు దించి రెండు పెట్టెలకూ తగిలించాను. సింక్ నొక్కబోతుండగా, నాలుగున్నరకు కరెంటు పోయింది. దేవకమ్మ కంప్యూటర్ గుటుక్కున ఆరిపోయింది. వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కసారిగా ఆగి, ఊరు చెవుల్లో గుయ్యిమంది.

నేను ల్యాప్‌టాప్ వెలుగు తగ్గించి విసనకర్రతో దానికి విసురుతూ కూర్చున్నాను. ఎందుకు విసిరానో ఇప్పటికీ తెలియదు. దేవకమ్మ గోడ గడియారం కింద నిలబడింది. చెంగల్రాయప్ప ఒక్కడే తీరిగ్గా ఉన్నాడు. మాట మళ్లిద్దామని గవ్వల అంచు పంచాయితీ ఆయనకు చెప్పాను. ఆయన పకపకా నవ్వాడు.

"రెండూ నిజమే. అది ఆవపూవు రంగుదే. ఒక యేడు ఆ నూలు దొరకలేదని పచ్చ ఏసినాం. ఇద్దురికీ చెప్పు, ఇద్దురూ గెలిచినారని."

తల ఖాళీ అయిపోయిందన్న మనిషి దగ్గర చెప్పనిది ఇంకా ఎంతుందో అనుకున్నాను. నాలుగూ నలభై ఎనిమిదికి కరెంటు వచ్చింది. మగ్గాలు మొదలయ్యాయి. కంప్యూటర్ మాత్రం నిద్రలేచి, ఒళ్లు విరుచుకుని, తనకేదో కొత్త సరంజామా, అదే అప్‌డేట్, కావాలని అడిగి, వద్దంటే అలిగి, నాలుగూ యాభై అయిదుకు తెరుచుకుంది. ల్యాప్‌టాప్‌లో ఆరు శాతం. సింక్ నొక్కాను. రెండు బుల్లి కంప్యూటర్ల మధ్య పచ్చ బాణం కదిలింది.

దేవకమ్మ ఆ బాణాన్ని చూడటం అదే మొదటిసారి. నా భుజం పట్టుకుంది. ఒకటి, నాలుగు, పదకొండు అని అంకెలు పెరుగుతుంటే ఆమె ఒక్కో అంచు పేరు పెదవుల్లో చెప్పుకుంటోంది. ఇరవై తొమ్మిది దగ్గర బాణం ఒక్క క్షణం ఆగింది. తర్వాత గబగబా ముప్పై ఏడు. అయిదుకు రెండు నిమిషాలు ఉంది. ఇద్దరం ఆడవాళ్లం ఆ గదిలో చేతులు పట్టుకుని గెంతాం. మోకాళ్ల సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

శనివారం

ఆ రాత్రి ల్యాప్‌టాప్ పూజగదిలో దీపం పక్కన పడుకుంది. నేను వసారాలో పడుకున్నాను. పొద్దున్నే ఎవరో బస్సు కండక్టరు ఇచ్చాడని టీకొట్టాయన చార్జరు తెచ్చి ఇచ్చాడు. అది తిరువళ్లూరు నుంచి మూడు చేతులు మారింది, ఒక్క చేయీ డబ్బు అడగలేదు. శనివారం ఇనుము ఇవ్వకూడదంటారు, ల్యాప్‌టాప్ ఇనుమా అని అడిగాను. దేవకమ్మ దాన్ని తట్టి చూసి, ప్లాస్టిక్కేనని తేల్చి, తన చేత్తో గడప దాటించింది.

బయలుదేరే ముందు చెంగల్రాయప్పకు ఒక అంచు చూపిద్దామని తెర తెరిచాను. ఆయన చెప్పిందే, నెమలికన్ను వరసలో పదిహేనోది. ఆయన కళ్లద్దాలు పైకీ కిందకీ జరుపుకుంటూ చాలాసేపు చూశాడు. వేలు తెర మీద దారం వెంట నడిపాడు.

"ఎంత బాగుండాదో" అన్నాడు. "ఎవురు చెప్పినారు దీన్ని?"

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆయన వేళాకోళం ఆడటం లేదు. దేవకమ్మ పక్కకు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వే మామా" అంది. ఆయన నమ్మలేదు గానీ సంతోషించాడు.

సింక్ వేళను గురువారం పొద్దుటికి మార్చాను. ఇకనుంచి నువ్వూ నీ సొంత అంచులు చెప్పు అంటే దేవకమ్మ కొట్టిపారేసింది. తనకేం వచ్చు, విని ఎక్కించేదాన్నేగా అంది. బస్సెక్కేటప్పుడు మూత బిగించిన చిన్న గిన్నె ఒకటి నా చేతిలో పెట్టింది. అందులో తోడుకు పెరుగు ఉంది. ఈరోజు శనివారం, ఇవ్వొచ్చు అంది.

ఇంటికొచ్చాక

సీటు లేని బండిలో, గిన్నె ఒళ్లో పెట్టుకుని, సగం దూరం నిలబడి వచ్చాను. ఆదివారం రాత్రి చీరాల పాలలో ఆర్.కె.పేట పెరుగు చెంచాడు వేశాను. సోమవారం పొద్దుటికి గడ్డకట్టింది. కొంచెం పులుపెక్కువ. మా ఇంట్లో ఇప్పుడు రోజూ అదే తోడు.

గురువారం పొద్దున్న సింక్ వేళకు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మూడు నకళ్లూ దొరికాయి. ఆర్.కె.పేట నుంచి ఒక్కటే కొత్త అంచు వచ్చింది. తెరిచాను. నీలం దారం ఒకటి చుట్టలు చుట్టలుగా అంచంతా పాకుతుంది. ఆరు గడులు సాగి, ఏడో గడి దగ్గర తెగుతుంది. ఆ గడి ఖాళీ. మళ్లీ ఆరు గడులు, మళ్లీ ఒక ఖాళీ. పేరు, శుక్రవారం అంచు. ఎక్కించినవారు అన్నచోట ఎప్పటిలాగే దేవకమ్మ. చెప్పినవారు అన్నచోట కూడా దేవకమ్మ.